పైథాన్ 3.13లో టెల్‌నెట్‌లిబ్, సీజీఐ లేవు: పనిచేస్తున్న పాత ఫంక్షన్లను ప్రామాణిక లైబ్రరీ నుంచి తీసివేయడం న్యాయమేనా?

చిత్తూరు కాటా అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తూకం ప్రోగ్రాం రాసి, కొన్నేళ్లుగా దాని బాగోగులు నేనొక్కడినే చూస్తున్నాను. తోతాపురి కోత ఊపందుకున్నదంటే ట్రాక్టర్లూ లారీలూ గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరుతాయి. బండి లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, కాయ దించి ఖాళీగా వెళ్లేటప్పుడు మరొకసారి కాటా ఎక్కుతుంది. ఆ రెండు తూకాల మధ్య తేడాను బట్టే రైతు చేతికి డబ్బు వస్తుంది. కాటా ఇండికేటర్ చూపే అంకెను సీరియల్ తీగ నుంచి నెట్‌వర్క్‌లోకి మార్చే చిన్న పెట్టె ఒకటి ఉంది. నా ప్రోగ్రాం పైథాన్ భాషలో ఉంది; ఆ భాషతో పాటే వచ్చే ప్రామాణిక లైబ్రరీలోని టెల్‌నెట్‌లిబ్ అనే మాడ్యూల్ (నెట్‌వర్క్ మీద మరో యంత్రంతో మాట్లాడే సిద్ధమైన కోడ్) ద్వారా ఆ పెట్టెతో మాట్లాడుతుంది. గేటు దగ్గర టోకెన్ ఇచ్చే పేజీ, వెబ్ ఫారంలో నింపిన వివరాలను ప్రోగ్రాంకు అందించే సీజీఐ మాడ్యూల్ మీద నడుస్తుంది.

పాత సర్వర్ పాడైపోవడంతో కొత్తది కొని, అందులో డెబియన్ 13 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ప్రోగ్రాంను ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి పెట్టాను. నడిపిన మొదటిసారే, టెల్‌నెట్‌లిబ్ అనే మాడ్యూల్ ఏదీ లేదని చెప్పి ఆగిపోయింది. పైథాన్ సరిగ్గా ఎక్కలేదేమోనని రెండుసార్లు మళ్లీ వేసి చూశాను. చివరికి పత్రాలు చదివితే అర్థమైంది: ఆ మాడ్యూల్‌ను 3.13 వెర్షన్‌లో తీసేశారు, దానితో పాటు సీజీఐని కూడా. పాత సర్వర్‌లో ఉన్నది డెబియన్ 11, అందులోని పైథాన్ 3.9.

నా కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కాటా మారలేదు, పెట్టె మారలేదు, రైతు తెచ్చే కాయ మారలేదు. ఇన్నేళ్లు ఒక్క కిలో తేడా రాకుండా నడిచిన పనిని, ఎక్కడో కూర్చున్నవారు ఇది పాతబడిందని తీర్మానించి తీసివేయడం నాకు మింగుడుపడటం లేదు. ప్రామాణిక లైబ్రరీలో ఉన్నదంటే అది భాషతో పాటే ఉంటుందన్న నమ్మకంతోనే బయటి ప్యాకేజీలు వద్దనుకుని వీటిని ఎంచుకున్నాను. కోత మొదలవడానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఇప్పుడు ఏం చేయాలో చెప్పినవారికి రుణపడి ఉంటాను. ఇలా తీసివేయడం న్యాయమేనా అన్న ప్రశ్నకు కూడా అనుభవం ఉన్నవారు జవాబు చెప్పాలని కోరుతున్నాను.

రేణిగుంట రోడ్డు వాసి జవాబు:

కాటా గారికి నమస్కారం. కోత దగ్గరపడింది కాబట్టి ముందు బండి కదిలే దారి చెప్పి, న్యాయం మాట తర్వాత ఎత్తుకుంటాను.

మీరు టెల్‌నెట్‌లిబ్‌తో చేయిస్తున్నది అసలు టెల్‌నెట్ పనే కాకపోవచ్చు. సీరియల్ నుంచి నెట్‌వర్క్‌కు మార్చే పెట్టెలు చాలావరకు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయి. వచ్చిన బైట్లను వచ్చినట్టే మామూలు నెట్‌వర్క్ కనెక్షన్ (టీసీపీ) మీద పంపడం ఒకటి, టెల్‌నెట్ నియమాల ప్రకారం మాట్లాడటం మరొకటి. ముందుగా పెట్టె సెట్టింగుల పేజీ తెరిచి అది ఏ పద్ధతిలో ఉందో చూడండి. మొదటి పద్ధతిలో ఉంటే మీకు సాకెట్ మాడ్యూల్ ఒక్కటే చాలు: కనెక్షన్ తెరిచి, టైమౌట్ పెట్టి, అందిన బైట్లను బఫర్ అనే తాత్కాలిక అరలో పోగుచేసుకుంటూ, క్యారేజ్ రిటర్న్ (పంక్తి ముగిసిందని చెప్పే అక్షరం) కనిపించేదాకా చదవాలి. ఒకసారి రిసీవ్ చేస్తే ఒక తూకం మొత్తం అందుతుందని చాలామంది పొరపడేది ఇక్కడే. 12460 అనే తూకంలో 124 ఒక విడతలోనూ 60 తర్వాతి విడతలోనూ రావచ్చు. టెల్‌నెట్‌లిబ్‌లోని రీడ్ అన్‌టిల్ ఇన్నాళ్లూ ఆ పోగుచేసే పనిని మీకు తెలియకుండానే చేసిపెట్టింది. దాన్ని మరిచి కొత్త కోడ్ రాస్తే పన్నెండు టన్నుల బండి 124 కిలోలుగా నమోదవుతుంది, పైగా ఏ ఎర్రరూ రాదు. పెట్టె రెండో పద్ధతిలో ఉంటే 255 విలువ గల బైటుతో మొదలయ్యే సంకేతాలు మధ్యమధ్యలో వస్తాయి; వాటిని ఏరివేసి, అవతలివైపు అడిగిన ఐచ్ఛికాలను వద్దని చెప్పే పని కూడా ఇంతకాలం ఆ మాడ్యూలే చేసింది. అంత శ్రమ పడేకంటే వీలైతే పెట్టెనే మొదటి పద్ధతికి మార్చడం మేలు.

సీజీఐ విషయానికి వస్తే, లెగసీ సీజీఐ అనే ప్యాకేజీని పిప్‌తో (బయటి ప్యాకేజీలు తెచ్చే పైథాన్ సాధనం) వేసుకుంటే అదే పేరుతో అదే మాడ్యూల్ తిరిగి వస్తుంది, మీ పేజీలో ఏమీ మార్చనక్కర్లేదు. ఈ కోత వరకు దానితో గట్టెక్కండి. ఆ తర్వాత నింపాదిగా, సాధారణ ఫారాలకు యూఆర్ఎల్‌లిబ్‌లోని పార్స్ క్యూఎస్‌కు మారండి. అది ప్రతి విలువనూ జాబితాగా ఇస్తుంది, విలువ ఒక్కటే ఉన్నా సరే. ఆ తేడా ఒక్కటి గుర్తుంచుకోవాలి.

ఇక న్యాయం మాట. ఈ తొలగింపు రాత్రికి రాత్రి జరిగినది కాదు. పెప్ 594 అనే ప్రతిపాదనను క్రిస్టియన్ హైమ్స్ 2019 మే నెలలో మొదలుపెట్టారు, తర్వాత బ్రెట్ కానన్ కూడా చేయివేసి దాన్ని గట్టు చేర్చారు. పైథాన్ తొలినాళ్ల నుంచీ తనను తాను బ్యాటరీలతో సహా వచ్చే భాషగా చెప్పుకున్నది కాబట్టి, ఆ ప్రతిపాదనకు చచ్చిన బ్యాటరీలను తీసివేయడం అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. 2022 అక్టోబరులో వచ్చిన 3.11లో హెచ్చరిక పెట్టి, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో తీసేశారు. అలా పోయిన మాడ్యూళ్లు 19. పాత సన్ యంత్రాల శబ్ద ఫైళ్లను చదివేది, యూజ్‌నెట్ వార్తా సమూహాలతో మాట్లాడేది, ఎన్ఐఎస్ అనే పాత డైరెక్టరీ సేవను అడిగేది వాటిలో ఉన్నాయి. మీ టెల్‌నెట్ ప్రమాణమే 1983 నాటిది. అందులో పాస్‌వర్డ్ సహా ప్రతి అక్షరమూ తెరిచిన ఉత్తరంలా వెళుతుంది. సీజీఐ పద్ధతిలో పేజీ అడిగిన ప్రతిసారీ ఒక కొత్త ప్రాసెస్ పుట్టి చావాలి.

పనిచేస్తున్న దాన్ని అలాగే ఉంచితే వచ్చే నష్టమేమిటని మీరు అడుగుతారు. లైబ్రరీలో ఉన్న ప్రతి మాడ్యూల్‌నూ ప్రతి విడుదలకు, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ మీద పరీక్షించాలి. అందులో భద్రతా లోపం బయటపడితే, దాన్ని ఎన్నడూ వాడని మనిషి, రాసినవారు వెళ్లిపోయిన తర్వాత, ఆ కోడ్ చదివి దిద్దాలి. వాళ్లలో చాలామంది జీతం లేకుండా తమ తీరిక వేళల్లో ఈ పని చేస్తున్నారు. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. ప్రామాణిక లైబ్రరీలో ఒక ఫంక్షన్ ఉండటమే ఒక సిఫారసు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు అక్కడ సీజీఐని చూసి, భాష తయారుచేసినవారే ఇచ్చారు కదా అని దానితోనే మొదటి వెబ్ పేజీ రాస్తాడు. మీరు కూడా సరిగ్గా ఆ నమ్మకంతోనే ఎంచుకున్నానని రాశారు. ఎవరి కావలీ లేని దానికి ఆ నమ్మకం దక్కకూడదని వారు అనుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

అయితే మీ బాధలో నేను పూర్తిగా ఒప్పుకునే భాగం ఉంది. మీరు 3.9 నుంచి నేరుగా 3.13కు వచ్చారు. డెబియన్ 12లో ఉన్నది 3.11, ఆ డెబియన్ మీరు వేయలేదు. అంటే హెచ్చరిక మోసుకొచ్చిన 3.11, 3.12 వెర్షన్లు రెండూ మీ సర్వర్‌లో ఒక్కరోజు కూడా నడవలేదు. గడువును వెర్షన్ల లెక్కన ఇచ్చారు, మీరేమో యంత్రం పాడైనప్పుడే వెర్షన్ మారుస్తారు. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవలేదు. ఒకవేళ నడిచినా, 3.7 నుంచి డిప్రికేషన్ వార్నింగ్ (దీనికి కాలం చెల్లిందన్న హెచ్చరిక) అనేది ప్రధాన ఫైలులో పుట్టినప్పుడు మాత్రమే మామూలుగా కనిపిస్తుంది. అది ఇంపోర్ట్ చేసుకున్న మరో ఫైలులో పుడితే అడిగితే తప్ప చూపదు. వాడేవారిని విసిగించకూడదన్న మంచి ఉద్దేశంతోనే అలా పెట్టారు, కానీ రాసినవాడూ వాడేవాడూ ఒకే మనిషి అయిన మీవంటి చోట్ల ఆ మౌనం కీడు చేసింది.

పుత్తూరు నుంచి ఒకరి జవాబు:

మూడు వారాల్లో కోడ్ మార్చి కాటా మీద పరీక్షించడం భయంగా ఉంటే, పైథాన్ 3.12 ఉన్న కంటైనర్‌లో (సర్వర్‌లోనే విడిగా, తన సొంత పైథాన్‌తో నడిచే చోటు) పాత ప్రోగ్రాంను యథాతథంగా నడపండి. 3.12కు భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా వస్తాయి కాబట్టి ఇది దొంగదారి కాదు. కాకపోతే ఆ తేదీని ఫ్యాక్టరీ యజమానికి ఇప్పుడే కాగితం మీద రాసి ఇవ్వండి.

చంద్రగిరి ల్యాబ్ జవాబు:

నేను తిరుపతి చుట్టుపక్కల ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సీ భాష ల్యాబ్ నడుపుతున్నాను. పనిచేస్తున్న దాన్ని తీసివేయకూడదన్న మాట విన్నప్పుడల్లా నాకు సీ భాషలో, టైపు చేసిన పంక్తిని చదివే గెట్స్ ఫంక్షన్ గుర్తుకొస్తుంది.

గెట్స్‌కు మనం ఇచ్చేది అక్షరాలు నింపవలసిన అర చిరునామా ఒక్కటే; ఆ అర ఎంత పెద్దదో చెప్పే వీలే దానిలో లేదు. ఇరవై అక్షరాలకు చోటిచ్చి రెండు వందలు టైపు చేస్తే మిగిలినవన్నీ గట్టు తెగిన చెరువులా పక్కనున్న మెమరీలోకి పారుతాయి. రాసేవారు ఎంత జాగ్రత్తపరులైనా దాన్ని క్షేమంగా వాడే మార్గం లేదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పాకినప్పుడు అది చొరబడిన దారుల్లో ఒకటి, ఫింగర్ సేవ నడిపే ప్రోగ్రాంలోని గెట్స్. ప్రమాదం అంత బాహాటంగా రుజువైన తర్వాత వచ్చిన 1989 నాటి సీ ప్రమాణంలోనూ ఆ ఫంక్షన్ ఉంది, 1999 ప్రమాణంలోనూ ఉంది. 2007లో ఒక దిద్దుబాటు ద్వారా దానికి కాలం చెల్లిందని ముద్ర వేశారు. 2011 ప్రమాణం నుంచి తొలగించారు. ఒక్క ఫంక్షన్ పోవడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

ప్రమాణం నుంచి తీసేశారు కదా అని మా ల్యాబ్ నుంచి పోయిందనుకోకండి. ల్యాబ్ మాన్యువల్‌లో అది ఉంది, ఏళ్ల తరబడి ఉంది. టర్బో సీ నీలి తెర మీద నేర్చుకున్న తరం అధ్యాపకులు రాసిన ఆ మాన్యువల్‌ను తర్వాతి తరం నకలు చేసుకుంటూ వచ్చింది. వారిలో నేనూ ఉన్నాను. లినక్స్‌కు మారిన తర్వాత జీసీసీ అనే కంపైలర్ ఆ ఫంక్షన్ తనకు తెలియదని హెచ్చరించేది, లింకర్ అది ప్రమాదకరమని, వాడకూడదని ఒక వాక్యం తెర మీద రాసేది. అరవై మంది విద్యార్థులున్న తరగతిలో ఆ వాక్యం గురించి నన్ను అడిగినవారు ఇద్దరో ముగ్గురో. ప్రోగ్రాం నడిచింది, రికార్డు మీద సంతకం పడింది, అంతటితో సరి. 2024లో వచ్చిన జీసీసీ 14లో, ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం హెచ్చరికగా కాక ఎర్రరుగా మారింది. ల్యాబ్ యంత్రాల్లోకి ఆ కంపైలర్ వచ్చిన వారంలోనే తరగతి మొత్తం, అర ఎంత పెద్దదో చెప్పి వాడే ఎఫ్‌గెట్స్‌కు మారింది. ఇన్నేళ్ల హెచ్చరికలు చేయలేని పనిని ఒక్క ఎర్రరు చేసింది.

అయితే ఆ మారిన వారంలో జరిగినది కూడా చెప్పాలి. ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తించే ప్రోగ్రాం ఒకటి ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది. వికటకవి అనే మాట మన లిపిలో అలా చెల్లుతుంది గాని ఇంగ్లిషు అక్షరాల్లో చెల్లదు, అందుకని మలయాళం అనే మాటను ఇంగ్లిషులో టైపు చేయిస్తాము. ఎఫ్‌గెట్స్ పెట్టగానే అందరి ప్రోగ్రాంలూ అది అలాంటి మాట కాదని తేల్చేశాయి. కారణం చిన్నదే: ఎంటర్ కొట్టినప్పుడు వచ్చే న్యూలైన్ అక్షరాన్ని గెట్స్ పారేసేది, ఎఫ్‌గెట్స్ దాన్ని మాట చివర అలాగే ఉంచుతుంది. ముందు నుంచి చూస్తే ఎమ్ అక్షరం, వెనుక నుంచి చూస్తే న్యూలైన్. స్ట్రింగ్ సీస్పాన్ ఫంక్షన్‌తో ఆ న్యూలైన్ ఎక్కడుందో వెతికి, అక్కడ సున్నా పెట్టించేసరికి ఆ రోజు ల్యాబ్ గంటలు అయిపోయాయి.

కాటా గారూ, రేణిగుంట రోడ్డు వాసి గారు చెప్పిన 124 కిలోల లారీ, నా న్యూలైన్, రెండూ ఒకే జాతివి. ఫలానాది పోయింది, ఫలానాది వాడండి అని ఒక్క ముక్కలో రాసే పత్రాలు, పాత ఫంక్షన్ చెప్పకుండా చేసిపెట్టిన చాకిరీ ఏమిటో రాయవు. తీసివేసేవారి మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. తీసివేతను మాత్రం నేను సమర్థిస్తాను.

పలమనేరు జావా జవాబు:

పై ముగ్గురి మాటలతోనూ నేను పూర్తిగా ఏకీభవించలేను. పద్నాలుగేళ్లుగా జావాలో లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ప్రామాణిక లైబ్రరీ అంటే ఇచ్చిన మాట. ఇచ్చిన మాట వెనక్కు తీసుకోవడానికి, నిర్వహణ భారమైందన్న కారణం చాలదని నా అభిప్రాయం.

జావాలో డేట్ తరగతిని చూడండి. సంవత్సరం, నెల, తేదీ ఇచ్చి డేట్ తయారుచేసే పద్ధతికి 1997లో వచ్చిన 1.1 వెర్షన్‌లోనే డిప్రికేటెడ్ ముద్ర పడింది. సంవత్సరం నుంచి 1900 తీసివేసి ఇవ్వాలి, నెలలు సున్నా నుంచి లెక్కపెట్టాలి, కాబట్టి ఆ ముద్రకు అది అర్హమే. 2014లో జావా 8తో దానికంటే ఎన్నో రెట్లు మేలైన తేదీల లైబ్రరీ వచ్చింది. అయినా ఆ పాత పద్ధతి ఈనాటికీ పనిచేస్తుంది. గో భాషలో ఫైళ్లు చదవడం, రాయడం వంటి పనులకు వాడే ఐఓయుటిల్ కూడా అంతే: 2021లో వచ్చిన 1.16లో దానికి కాలం చెల్లిందన్నారు గాని, పాత ప్రోగ్రాంలు చెడవని గో 1 కోసం 2012లో ఇచ్చిన హామీ ప్రకారం దాన్ని ఉంచారు. అందులోని ఫంక్షన్లు ఇప్పుడు కొత్త చోట ఉన్న ఫంక్షన్లనే పిలుస్తాయి. కాటా గారి ప్రోగ్రాం గోలో ఉండి ఉంటే ఈ ఉత్తరమే రాసి ఉండేవారు కాదు.

నిజాయితీగా రెండో వైపు కూడా చెబుతాను. ఇరవై ఏళ్లపాటు ఏ ముద్ర వేసినా ఏదీ పోలేదు కాబట్టి, జావావాళ్లం ఆ ముద్రను చూడటమే మానేశాం. ఆ సంగతి గుర్తించే 2017లో జావా 9తో రెండు రకాల ముద్రలు తెచ్చారు: మంచిది కాదు గాని ఉంటుంది అనేది ఒకటి, నిజంగా తీసివేస్తాం అనేది రెండోది. రెండోదానికి కంపైలర్ అడగకుండానే గట్టిగా హెచ్చరిస్తుంది. ఆ మరుసటి ఏడాది జావా 11లో ఎక్స్ఎమ్ఎల్‌ను తరగతులుగా మార్చే జాక్స్‌బీ వంటివి నిజంగానే పోయాయి, వాటిని విడి ప్యాకేజీలుగా తెచ్చుకోవలసి వచ్చింది. ఆ నెల రోజులూ మా బృందం పడిన కష్టం నాకు బాగా గుర్తుంది. కానీ పోయేదేదో ఉండేదేదో వేరువేరుగా చెప్పారు కాబట్టి ఎక్కడ చూడాలో తెలిసింది.

కాటా గారిది తూకం పని కాబట్టి ఒక పాత సంగతి ముందు పెడతాను. మన దేశం వీశ, మణుగు వదిలి కిలోకు మారినప్పుడు, 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దాన్ని అమలు చేయడం మొదలుపెట్టి, 1962 ఏప్రిల్‌లో గాని పాత కొలతలను నిషేధించలేదు. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చినప్పుడు కూడా అణాలు కొన్నేళ్లు పక్కనే చెల్లాయి. అంగడివాడు తన దుకాణంలోనే, తన చేత్తోనే రెండు రకాల లెక్కలూ వేస్తూ మారాడు. అణా పోయినా పదహారణాల తెలుగుదనం అనే మాట పోలేదు. పేరు మిగిలింది, విలువ పోయింది. లైబ్రరీలోనూ ఇలా చేయవచ్చు. జావాలో నడుస్తున్న పనిని మధ్యలో ఆపే థ్రెడ్ స్టాప్ అనే పద్ధతికి 1998లో ముద్ర పడితే, జావా 20లో ఆ పేరును అలాగే ఉంచి, పిలిస్తే మాత్రం ఈ పని ఇక చేయనని ఎక్సెప్షన్ ఇచ్చేట్టు మార్చారు. పైథాన్‌లో కూడా టెల్‌నెట్‌లిబ్ అనే పేరును ఉంచి, ఇంపోర్ట్ చేయగానే ఇది 3.13లో పోయింది, బదులుగా ఫలానా చూడండి అని చెప్పించి ఉంటే, కాటా గారు పైథాన్‌ను రెండుసార్లు తిరిగి వేసుకునేవారు కాదు.

రేణిగుంట రోడ్డు వాసి జవాబు:

పలమనేరు గారూ, పదహారణాల ఉపమానం నాకు నచ్చింది, పేరు మిగల్చాలన్న మాటను మొదట చదివినప్పుడు ఒప్పుకున్నాను కూడా. తర్వాత ఒక చిక్కు కనిపించింది. పైథాన్ ఒక మాడ్యూల్ పేరును వెతికేటప్పుడు ముందు ప్రామాణిక లైబ్రరీలో చూసి, ఆ తర్వాతే పిప్‌తో వేసుకున్న ప్యాకేజీల్లో చూస్తుంది. సీజీఐ అనే పేరుతో లోపల ఒక సమాధి ఫలకం పెట్టి ఉంటే, లెగసీ సీజీఐ ప్యాకేజీ అదే పేరుతో పాత మాడ్యూల్‌ను తిరిగి ఇవ్వలేదు. పేరును ఖాళీ చేశారు కాబట్టే మరొకరు దాన్ని చేపట్టగలిగారు. ఫోన్ కాల్స్, మాటల రికార్డులు ప్రాసెస్ చేసేవారికి ఆడియోఆప్ ఎల్‌టీఎస్ అనే ప్యాకేజీ ఆదుకున్నది కూడా ఇలాగే. అందుకని ఆ వివరం మాడ్యూల్‌లో కాక, మాడ్యూల్ దొరకలేదన్న ఎర్రరు వాక్యంలోనే ఉండటం మేలని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది. మీ కోరికకూ దీనికీ దూరం ఎక్కువ లేదు.

జావా 9 నాటి రెండు ముద్రల పద్ధతి పైథాన్‌కు కూడా కావాలన్న మాటతో మాత్రం నాకు ఏ పేచీ లేదు.

చిత్తూరు కాటా జవాబు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఏం చేశానో రాస్తే నావంటి మరొకరికి పనికొస్తుంది.

పెట్టె సెట్టింగులు తెరిస్తే అది మొదటి పద్ధతిలోనే ఉంది. ఇన్నేళ్లూ టెల్‌నెట్ అన్నది పేరుకే. సాకెట్‌తో చదివే పన్నెండు పంక్తుల ఫంక్షన్ రాశాను. ఆదివారం నాడు ఫ్యాక్టరీ ట్రాక్టర్‌ను ఖాళీగానూ నీళ్ల డ్రమ్ములతోనూ నలభైసార్లు కాటా ఎక్కించి, ఇండికేటర్ మీది అంకెను ఒక మనిషి చేత కాగితం మీద రాయించి, సర్వర్‌లో పడిన అంకెతో పోల్చాను. బఫర్ లేకుండా రాసిన మొదటి ప్రయత్నంలో మూడుచోట్ల తూకం తెగిపోయి పడింది. రేణిగుంట రోడ్డు వాసి గారి హెచ్చరిక లేకపోతే ఆ మూడు బండ్లు కోతలో రైతుల బండ్లు అయి ఉండేవి. బఫర్ పెట్టిన తర్వాత నలభైకి నలభై సరిపోయాయి.

పుత్తూరు వారి సలహా కూడా పాటించాను. 3.12 కంటైనర్‌లో పాత ప్రోగ్రాంను సిద్ధంగా ఉంచాను, కోత మధ్యలో ఏమైనా జరిగితే ఒక్క ఆదేశంతో దానికి మారవచ్చు. అదే కంటైనర్‌లో హెచ్చరికలన్నీ ఎర్రరులుగా మారేట్టు పెట్టి ప్రోగ్రాంను మొదటి నుంచి చివరిదాకా నడిపితే, నాకు తెలియనివి మరో రెండు బయటపడ్డాయి. లారీ నంబరు ప్లేటు ఫోటో నిజంగా బొమ్మేనా అని చూసేందుకు ఇమేజ్‌హెచ్‌డీఆర్ వాడాను, అదీ 3.13లో పోయినదే; గేటు దగ్గర ఫోటో ఎక్కించే దాకా అది ఇంపోర్ట్ కాదు కాబట్టి ఇంతవరకు తెలియలేదు. జేపెగ్ ఫైలు మొదటి మూడు బైట్లను నేనే చూసుకునేట్టు మార్చాను. రెండోది డేట్‌టైమ్‌లో, ప్రపంచ ప్రామాణిక వేళను (యూటీసీ) ఇచ్చే యూటీసీ నౌ ఫంక్షన్. అది ఇంకా పోలేదు గాని 3.12 నుంచి వద్దంటున్నారు.

పలమనేరు గారి మాట నా మనసుకు దగ్గరగా ఉంది. చంద్రగిరి ల్యాబ్ మేడమ్ చెప్పిన గెట్స్ కథ చదివిన తర్వాత మాత్రం, ఏదీ ఎప్పటికీ తీయకూడదన్న నా మొదటి మాటను వెనక్కు తీసుకుంటున్నాను. గడువు ఉంటే చాలదు, ఆ గడువు నావరకు చేరాలి అన్నది ఇప్పుడు నా కోరిక. ఫ్యాక్టరీ యజమానికి 2028 అక్టోబరు తేదీతో ఒక కాగితం రాసిచ్చి, నకలును కాటా గదిలో గోడకు అంటించాను.

చివరగా ఒక సందేహం. యూటీసీ నౌ స్థానంలో కొత్తది పెడితే పాత టోకెన్ల వేళలకు ఏమైనా ఇబ్బంది ఉందా?

రేణిగుంట రోడ్డు వాసి జవాబు:

ఉంది, అందుకే కోత ముగిసేదాకా దాన్ని ముట్టుకోకండి. యూటీసీ నౌ ఇచ్చే వేళకు తాను ఏ మండలానిదో తెలియదు. మీ సర్వర్ భారత కాలమానంలో ఉంటే, ఆ వేళను టైమ్‌స్టాంప్‌గా మార్చినప్పుడు పైథాన్ దాన్ని ఇక్కడి వేళగానే అనుకుని అయిదున్నర గంటలు వెనక్కు చూపుతుంది. దాన్ని వద్దనడానికి కారణం ఇదే. బదులుగా వాడవలసినది, నౌ ఫంక్షన్‌కు యూటీసీ మండలాన్ని ఇచ్చి పిలవడం. దాని నుంచి వచ్చే వేళకు మండలం అంటుకుని ఉంటుంది. అలాంటి దాన్ని మీ డేటాబేస్‌లోని మండలం లేని పాత వేళలతో ముందువెనుకలు పోల్చినా, ఒకదాని నుంచి మరొకటి తీసివేసినా టైప్ ఎర్రర్ వస్తుంది. లోపలికి వచ్చిన బండి పాత పద్ధతిలోనూ, బయటికి వెళ్లే బండి కొత్త పద్ధతిలోనూ నమోదైన రోజున గేటు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఆగస్టులో ఫ్యాక్టరీ గేటు మూసి, లోపల ఒక్క బండి కూడా లేని రోజు చూసుకుని, ముందుగా డేటాబేస్ నుంచి చదివే ప్రతి పాత వేళకూ యూటీసీ మండలాన్ని తగిలించి, ఆ తర్వాతే ఫంక్షన్‌ను మార్చండి.